టైరు ఎవరిది, దారి ఎవరిది?

టైర్ల గురించి ఒక స్త్రీవాద పత్రికకు వ్యాసం రాస్తున్నానంటే నాతో పనిచేసే ఒకామె పకపకా నవ్వింది. ‘వంటింటి గురించి రాశాం, గర్భసంచి గురించి రాశాం, ఇక టైర్లు మిగిలాయా?’ అంది. ఆ నవ్వులో కొంత నిజం ఉంది. 1993లో ‘నీలిమేఘాలు’ సంకలనం వచ్చేనాటికే మన కవయిత్రులు ఇంట్లోని ఒక్కొక్క వస్తువునీ నిలదీయడం మొదలుపెట్టారు. పొయ్యి, గిన్నె, మంచం, అద్దం, అన్నీ మాట్లాడాయి. ఇంటి ముందు నిలబడి ఉండే కారు మాత్రం నేను చదివినంతలో పెద్దగా మాట్లాడలేదు. అది ఇంటిదే గానీ ఇంటి వస్తువు కాదు. ఇల్లాలు అందులో కూర్చుంటుంది. దాని గురించి నిర్ణయించేవాళ్లు వేరే ఉంటారు.

కిందటి అక్టోబరులో నేనూ మా చెల్లీ ఒకే సమయంలో టైర్లు ఎంచుకోవలసి వచ్చింది. తను ఫిన్లాండ్‌లో ఔలు అనే ఊళ్లో ఉంటుంది. నేను వజ్రపుకొత్తూరు మండలంలో మా పుట్టింట్లో అమ్మతో ఉంటూ టెక్కలిలో ఒక కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. తనది మంచు సమస్య, నాది ఇసుక, బురద, తుపాను సమస్య. ఒకరి ఊరి వాతావరణం ఇంకొకరికి ఊహకందదు. అయినా రోజూ ఫోన్లో మాట్లాడుకుంటుంటే మా ఇద్దరి ప్రశ్నా ఒకటేనని మెల్లగా అర్థమైంది.

ముందు తన సంగతి. ఔలులో డిసెంబరు నెలలో పగలు నాలుగు గంటలు కూడా ఉండదు. ఉదయం ఏడు గంటలకు చీకట్లోనే మూడేళ్ల కొడుకుని బాలవాడిలో దింపి, ఊరి బయట ఉన్న ఆఫీసుకి వెళ్లాలి. ఆ దేశంలో నవంబరు నుంచి మార్చి దాకా రోడ్డు పరిస్థితిని బట్టి చలికాలపు టైర్లు తప్పనిసరి. వాటి గాళ్ల లోతు కనీసం 3 మిల్లీమీటర్లు ఉండాలి. మన దేశంలో కార్లకు 1.6 మిల్లీమీటర్లు ఉంటే చాలు. అసలు చలికాలానికి ప్రత్యేకంగా టైరు చేయాలన్న ఆలోచన పుట్టిందే అక్కడ. నోకియన్ కంపెనీ 1934లో మొదట లారీలకు అలాంటి టైరు చేసింది, 1936లో కార్లకు చేసింది.

ఆ టైర్లు రెండు రకాలు. మొదటి రకంలో రబ్బరులో చిన్న చిన్న లోహపు మేకులు దిగగొట్టి ఉంటాయి. చక్రం తిరుగుతున్నప్పుడు అవి మంచుగడ్డని గీరి పట్టుకుంటాయి. రెండో రకంలో మేకులుండవు. చలికి గట్టిపడని మెత్తటి రబ్బరు, దాని మీద కత్తితో కోసినట్టు సన్నటి చీలికలు ఉంటాయి. మంచు మీద పైపొరగా ఉండే తడిని ఆ చీలికలు తీసేస్తాయి, రబ్బరు మంచుని అంటిపెట్టుకుంటుంది. మంచు కరిగీ కరగనట్టు, సున్నా డిగ్రీల దగ్గర, అద్దంలా జారుతున్నప్పుడు మేకులదే పైచేయి. చలి బాగా ముదిరి మంచు ఎండిపోయి గరుకెక్కాక ఆ తేడా తగ్గుతుంది. మంచు లేని తారురోడ్డు మీద మేకుల టైరు హోరుమంటుంది, బ్రేకు వేసినా కాస్త దూరం పోయి గానీ ఆగదు.

ఇదంతా మా చెల్లి నాకు చెప్పిందంటే తను చదివి తెలుసుకుంది కాబట్టి. ఇంట్లో ఎవరూ తనని అడగలేదు. ‘అప్పా, ఈయన స్నేహితులంతా కలిసి వాట్సాప్‌లో ఓటింగ్ పెట్టుకున్నారు. మేకులకి ఆరు, మేకులు లేనివాటికి మూడు. ఆ తొమ్మిది మందిలో రోజూ బండి తోలేవాళ్లు ఎందరో నాకు తెలీదు. మా ఇంట్లో తోలేది మాత్రం నేను’ అంది. మా మరిది చెడ్డవాడు కాదు. అంట్లు తోముతాడు, పిల్లాడికి స్నానం చేయిస్తాడు. వంటింట్లోకి రావడం నేర్చుకున్నాడు గానీ గరాజులోంచి కాస్త పక్కకు జరగడం ఇంకా నేర్చుకోలేదు. చదువుకున్న మన ఇళ్లలో సమానత్వం ఎక్కువగా ఇలా ఒకవైపు నుంచే నడుస్తూ వస్తోంది.

ఇక నా సంగతి. మా అమ్మకి వారానికి మూడుసార్లు డయాలసిస్. ఉద్దానంలో ఈ మాట చెబితే ఎవరూ ఆశ్చర్యపోరు. ‘ఏ రోజులు?’ అని మాత్రం అడుగుతారు. కొబ్బరి, జీడి, పనస తోటలతో పచ్చగా ఉండి, ఉద్యానవనం అన్న మాటలోంచి పేరు తెచ్చుకుందంటారే, ఆ నేల మీద రెండు దశాబ్దాలకు పైగా కిడ్నీలు ఎండిపోతున్నాయి. ఎందరో వచ్చి నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, నెత్తురు పరీక్షించారు. మూలకారణం ఇదీ అని తేలలేదు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రీ పరిశోధన కేంద్రమూ ప్రారంభమయ్యాయి. హిరమండలం జలాశయం నుంచి వంశధార నీళ్లు ఉద్దానం ఊళ్లకు తెచ్చే పథకం కూడా ఆ రోజే మొదలైంది. ఆసుపత్రి దగ్గరికి రావడం నిజంగా పెద్ద మార్పే. అయితే ఎంత దగ్గరైనా మా ఇంటికీ దానికీ మధ్య ఒక దారి ఉంది.

ఆ దారిలో మొదటి మూడు కిలోమీటర్లు తోటల మధ్య ఇసుక, వాన పడితే బురద. తర్వాత తారురోడ్డు, ఆపైన 16వ నంబరు జాతీయ రహదారి. అమ్మని దింపి నేను టెక్కలి వెళ్లే రోజైతే రహదారి మీద ఇంకో ముప్పై కిలోమీటర్లు. మా కారు టైర్ల పక్కన నాలుగంకెలు ఉన్నాయి, 2618 అని. 2018లో 26వ వారంలో తయారయ్యాయని దానర్థం. గాళ్లు అరిగాయి, రబ్బరు బిరుసెక్కింది, పక్కలు నెర్రెలు విచ్చాయి. ఈశాన్య రుతుపవనాలు వచ్చేలోగా మార్చాలి.

కాశీబుగ్గలో ఒక టైర్ల షాపుకి వెళ్లాను. అక్కడ నా ముందున్నవీ రెండు రకాలే. ఒకటి మామూలు రోడ్డు టైరు. రెండోది గుబ్బలు గుబ్బలుగా ఉండే, ఇక్కడ అందరూ బటన్ టైరు అనే రకం. బటన్ టైరు ఇసుకలో, బురదలో దిగబడకుండా లాక్కుపోతుంది. మా ఊరి దారికి అదే సరైనదనిపిస్తుంది, చూడడానికీ దర్జాగా ఉంటుంది. కానీ తడిసిన తారురోడ్డు మీద నేలకు ఆనేది గుబ్బలే, వాటి మధ్య సందులు కావు. ఆనే రబ్బరు తక్కువ, చప్పుడు ఎక్కువ, కుదుపు ఎక్కువ. వేగంగా పోతూ నిలిచిన నీళ్ల మీదికి వెళ్లినప్పుడు ఆ నీటిని పక్కకు తోసేసే గాళ్లు ఎలా ఉన్నాయన్నదే ముఖ్యం. నీరు పక్కకు పోకపోతే చక్రం నేలని వదిలేసి నీటి మీద తేలుతుంది. అప్పుడు స్టీరింగు చేతిలో ఉన్నా లేనట్టే.

ఈ ప్రశ్నలన్నీ అడుగుతుంటే షాపతను ఓపికగానే విన్నాడు. విని, ‘మేడమ్, సార్‌ని ఒకసారి ఫోన్లో కలపండి, ఆయనకి చెప్తాను’ అన్నాడు. సార్ ఎవరు? నాకు పెళ్లి కాలేదు. నాన్న లేరు. కారు కాగితాల మీద పేరున్న తమ్ముడు హైదరాబాదులో ఉంటాడు, ఈ దారిలో ఏడాదికి రెండుసార్లు తోలుతాడు. సాయంత్రం అమ్మ కూడా అదే అంది. ‘ఏటే, బండి తమ్ముడిది కదా, ఆడు సూసుకుంటాడు. నీకెందుకా గోల?’ షాపతని మాటకు కోపం వచ్చింది. అమ్మ మాటకు కోపం రాలేదు, దిగులేసింది. తన ఒంట్లో నెత్తురు వారానికి మూడుసార్లు యంత్రంలోకి వెళ్లి తిరిగొచ్చేది నేను తోలే బండి వల్లనని అమ్మకు తెలుసు. తెలిసినా బండి మాత్రం ఆడిదే. స్వంతం అన్న మాటకి మా ఇంట్లో కాగితమే సాక్ష్యం. నిత్యం చేసే పని సాక్ష్యానికి పనికిరాదు. మా కొబ్బరితోటలో నలభై ఏళ్లు పనిచేసిన అమ్మ పేర సెంటు భూమి లేదు. ఆ లెక్కే కారుకీ వచ్చింది.

నేను నిర్ణయానికి వచ్చింది గాళ్ల లోతు చూసి మాత్రమే కాదు, అమ్మని చూసి. నాలుగు గంటలు డయాలసిస్ అయ్యాక అమ్మకి బీపీ పడిపోతుంది, పిక్కలు పట్టేస్తాయి, చిన్న చప్పుడైనా తలలో మోగుతుంది. తిరుగు ప్రయాణంలో వెనక సీట్లో ఒరిగి కళ్లు మూసుకుంటుంది. ఇసుకదారి మూడు కిలోమీటర్లే. అక్కడ నెమ్మదిగా పోవచ్చు, దిగబడితే ఊళ్లోవాళ్లు తోస్తారు. రహదారి మీద, పక్కన లారీలు దూసుకుపోతుండగా, వానలో బ్రేకు పడకపోతే తోయడానికి ఎవరూ రారు. అందుకే తడి నేల మీద పట్టు బాగుండే రోడ్డు టైర్లు, ఆ సంవత్సరం తయారైనవే కావాలని పట్టుబట్టి నాలుగూ మార్పించాను. డబ్బు నా జీతంలోంచి ఇచ్చాను. రసీదు నా పేర రాయమన్నాను. అదో చిన్న సరదా.

ఇక్కడితో ఆపేస్తే ఇది ఒక ఆడమనిషి తనంతట తాను టైర్లు కొనుక్కున్న కథ అవుతుంది. అలాంటి విజయగాథల మీద నాకు పెద్ద నమ్మకం లేదు. ఎందుకంటే 2018 నాకు గుర్తుంది. ఆ అక్టోబరు 11న తెల్లవారుజామున తిత్లీ తుపాను గంటకు 140, 150 కిలోమీటర్ల గాలితో పలాస దగ్గర తీరం దాటింది. అప్పుడు మా కారు కొత్తది, దాని టైర్లూ కొత్తవే. ఒక్క అడుగు కదల్లేదు. ఊరి దారంతా కొబ్బరిచెట్లు, జీడిచెట్లు అడ్డంగా పడి ఉన్నాయి. అప్పటికే డయాలసిస్ మీద ఉన్న మా వీధి పిన్నిని ఆసుపత్రికి చేర్చింది ఏ టైరూ కాదు. మగవాళ్లు రంపాలతో మానులు కోస్తే ఆడవాళ్లు కొమ్మలూ కమ్మలూ పక్కకి ఈడ్చారు. దారి అలా తెరుచుకున్నాక ఒక కుర్రాడు మోటారుసైకిలు మీద ఆమెని మధ్యన కూర్చోబెట్టుకుని తీసుకెళ్లాడు. మంచి టైరు దారి ఉన్నప్పుడే మంచిది. దారి మాత్రం ఒక్కరు కొనుక్కునేది కాదు.

ఈ మాట మేకుల టైర్లకి ఇంకా బాగా వర్తిస్తుంది. ఆ మేకులు మంచుతోపాటు తారునీ గీరతాయి. జపాన్‌లోని సెండాయ్ నగరంలో 1980ల నాటికి చలికాలం వచ్చిందంటే రోడ్డు పొడి గాలిలో లేచి ఊరంతా కమ్మేసేది. జనం ఊరుకోలేదు. ఆ నగరం ఉన్న మియాగీ రాష్ట్రం 1985లో కట్టడి చేసింది, 1990లో జపాన్ దేశమంతటికీ చట్టం వచ్చింది. మేకులు పోయాయి, మేకులు లేని టైర్ల తయారీ అక్కడ బాగా ముందుకు సాగింది. స్టాక్‌హోంలో హార్న్స్‌గాటన్ అనే వీధిలోకి 2010 నుంచి మేకుల టైర్లని రానివ్వడం లేదు. ఓస్లోలో వాటికి రుసుము కట్టాలి. బండిలో ఉన్నవాళ్ల భద్రతకీ, పక్కన నడిచేవాళ్ల ఊపిరితిత్తులకీ మధ్య తగవు ఇది. ఉద్దానంలో పుట్టినదాన్ని కాబట్టి ఈ తగవు నాకు వింతగా అనిపించలేదు. మనం తాగే నీళ్లలోకి, పీల్చే గాలిలోకి ఎవరి లాభం కరిగి వస్తోందో తెలియకుండానే మా ఊళ్లలో మనుషులు పోయారు.

ఇదంతా చెల్లికి చెప్పాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత అంది, ‘అప్పా, ఏప్రిల్‌లో మంచు కరిగాక ఇక్కడా వీధుల్లో ఆ దుమ్ము లేస్తుంది. పోయినేడు నా కొడుకు మూడు వారాలు దగ్గాడు. కానీ జనవరిలో చీకట్లో, వాడు వెనక కూర్చుని ఉండగా, ఎదురుగా లారీ వస్తుంటే నాకు ఏప్రిల్ గుర్తు రాదు.’ చివరికి మేకుల టైర్లే వేయించింది. మగవాళ్ల ఓటింగు ఫలితమూ అదే కదా అని నేనంటే, ‘జవాబు ఒకటే కావచ్చు. లెక్క నేను చేసుకున్నాను’ అంది. ఆ మాట నాకు నచ్చింది. తన ఎంపికని తప్పుపట్టే అర్హత నాకుందనుకోను. బిడ్డ ప్రాణమా, వీధి ఊపిరా అన్న ప్రశ్నని ఒక తల్లి ముందు పెట్టి, దానికి జవాబు తనే వెతుక్కోమనడంలోనే అన్యాయం ఉంది.

ఆ ప్రశ్నని ఇంకోలా వేసినవాళ్లు ఉన్నారు. స్వీడన్‌లో కార్ల్‌స్కూగా అనే చిన్న ఊరు 2011లో తన పనులన్నిటినీ స్త్రీ పురుష సమానత్వం దృష్టితో తిరగేసి చూసుకుంది. మంచు ఎత్తే పని కూడా చూసింది. అంతకు ముందు కార్లు పోయే పెద్ద రోడ్లు ముందు, కాలిబాటలు చివర. కార్లలో ఎక్కువగా పోయేది మగవాళ్లు. పిల్లల్ని దింపడానికి, బస్సు అందుకోవడానికి నడిచేది ఎక్కువగా ఆడవాళ్లు. మంచులో జారిపడి ఆసుపత్రి పాలయ్యేదీ నడిచేవాళ్లే. అందుకని వరస మార్చి కాలిబాటలు, బాలవాడుల దారులు ముందు శుభ్రం చేయడం మొదలుపెట్టారు. అదే మంచు, అవే యంత్రాలు. మారింది వరస ఒక్కటే.

పలాసలో తెల్లారేసరికి జీడిపిక్కల బట్టీలకి నడిచి వెళ్లే ఆడవాళ్లు కనిపిస్తారు. జీడి రసం తగిలి వేళ్ల చర్మం ఊడిపోయిన చేతులతో టిఫిన్ డబ్బాలు పట్టుకుని రోడ్డు అంచున ఒకరి వెనక ఒకరు పోతుంటారు. డయాలసిస్‌కి షేర్ ఆటోల్లో వచ్చేవాళ్లు ఉన్నారు. ఆ ఆటో అందుకోవడానికి బురదలో కిలోమీటరు నడిచేవాళ్లూ ఉన్నారు. వాళ్లకి టైరు ఎంచుకునే ప్రశ్నే లేదు. తుపాను వెలిశాక మొదట ఏ దారి తెరవాలి, నిధులు వస్తే మొదట ఏ గొయ్యి పూడ్చాలి అన్న చర్చ జరిగేచోట వాళ్లలో ఒక్కరైనా కూర్చోగలిగిన రోజున ఆ వరస ఎలా ఉంటుందో చూడాలని నాకుంది. మా ఊరి మూడు కిలోమీటర్ల ఇసుకదారి గురించి గ్రామసభలో అడగడానికి నేనూ ఇంకో ఐదుగురం కలిసి అర్జీ రాశాం. ఐదుగురూ ఆడవాళ్లే. వాళ్లలో ముగ్గురు వారానికి మూడుసార్లు ఆ దారిన పోయి వచ్చేవాళ్లు.