లొడలొడ

మెకానికల్ బ్రాంచ్ అని చెప్పగానే చుట్టాలు పాడైన మిక్సీ తెచ్చి ముందు పెట్టడం మనందరికీ అలవాటే. మా ఇంట్లో ఏకంగా కారే దొరికింది నాకు. దొరికిందంటే ఎవరూ చెయ్యమని అడగలేదు, నేనే పట్టుబట్టాను.

మారుతి 800, 2005 మోడల్. 1983 చివర్లో మొదలై 2014 మొదట్లో తయారీ ఆగిపోయిన బండి కాబట్టి, మన జూనియర్లలో కొందరు దీంట్లో కూర్చుని కూడా ఉండరు. నాన్న సెకండ్ హ్యాండ్‌లో కొన్నారు. పదిహేనేళ్లు నిండాక రిజిస్ట్రేషన్ మళ్లీ చేయించారు. ఇంజన్ ఇప్పటికీ ఒక్క సెల్ఫ్‌కే స్టార్ట్ అవుద్ది. బాధంతా కింద. గుడివాడ దగ్గర మా ఊరి నుంచి మెయిన్ రోడ్డు ఎక్కేదాకా ఆరు కిలోమీటర్లు. చిన్న గుంతకి టక్కు, పెద్ద గుంతకి దబ్బు, మధ్యలో ఆగకుండా లొడలొడ.

తాతయ్యకి నిరుడు తుంటి ఎముక ఆపరేషన్ అయింది. నెలకోసారి విజయవాడ తీసుకెళ్లి చూపించాలి. బండి గుంతలో పడ్డప్పుడు ఆయన అబ్బా అని కూడా అనరు. తలుపు గట్టిగా పట్టుకుని కళ్లు మూసుకుంటారు. అది ఓరగా చూస్తూ నాన్న సెకండ్ గేరు దాటరు. ఆరు కిలోమీటర్లకి అరగంట.

ఊళ్లో మెకానిక్ చూసి ముందువైపు షాకప్‌లు, లోయర్ ఆర్మ్‌లు, బుష్‌లు అన్నీ పోయాయని, మొత్తం 10,500 అవుతుందని చెప్పాడు. అందులో అబద్ధమేమీ లేదు. కానీ కోతల ముందు అంత డబ్బు మా ఇంట్లో చిన్న మాట కాదు. నాన్న "వచ్చే నెల చూద్దాంలే" అన్నారు. ఆ వచ్చే నెల మూడు నెలలు రాలేదు.

నేను చేస్తానంటే నాన్న అడిగింది ఒకటే. "నువ్వు చదివేది కాలేజీలో కదరా, షెడ్డులో కాదుగా. చక్రం ఊడితే?"

సరైన ప్రశ్నే. చక్రాన్ని కింద పట్టుకుని ఉండేది లోయర్ ఆర్మ్ చివరున్న బాల్ జాయింట్. గిన్నెలో గుండు కూర్చున్నట్టు ఉంటుంది. గిన్నె అరిగి ఆ గుండు బయటికొస్తే చక్రం పక్కకి పడిపోతుంది. ఈ పేపర్‌కి సప్లీ ఉండదు. అందుకే "నేను బిగించిన ప్రతి నట్టూ మెకానిక్‌ చూసి సరే అన్నాకే తాతయ్య ఎక్కేది" అని నేనే షరతు పెట్టాను. అప్పుడు ఒప్పుకున్నారు.

ముందు రోగం ఏంటో తేల్చుకోవాలి కదా. బానెట్ మూల మీద బరువేసి నొక్కి వదిలితే బండి ఒకసారి లేచి కుదురుకోవాలి. మాది మూడుసార్లు ఊగింది. డైనమిక్స్‌లో స్ప్రింగు, మాసు, డాంపరు బొమ్మ గీసి మార్కులు తెచ్చుకుంటాం చూడండి, ఆ డాంపర్ ఇదే. ఆయిల్ కారిపోతే డాంపింగ్ తగ్గిపోతుంది. స్ప్రింగ్ మాత్రం తన పని తను చేసుకుంటూ ఊగుతూనే ఉంటుంది. తర్వాత చక్రం గాల్లోకి లేపి, గడియారంలో 12, 6 ఉండే చోట్ల పట్టుకుని ఊపాను. కదిలింది. అక్కడ కదిలితే బాల్ జాయింట్ కావచ్చు, వీల్ బేరింగ్ కావచ్చు. తమ్ముణ్ని కింద ఆర్మ్ వైపు చూడమని మళ్లీ ఊపితే, "అన్నా, జాయింటే ఆడుతోంది" అన్నాడు. 3, 9 దగ్గర ఊపితే కదల్లేదు, అంటే టై రాడ్ ఎండ్‌లు బాగున్నట్టు. లిస్టులోంచి ఒక ఖర్చు తగ్గింది.

సామాన్లకి విజయవాడ ఆటోనగర్ వెళ్లాను. షాకప్‌ల జత, ఆర్మ్‌ల జత, పైన ఉండే మౌంట్‌లు, స్టెబిలైజర్ బుష్‌లు కలిపి 5,650. రెండు వైపులా ఒకేసారి మార్చాలి. ఒకవైపు కొత్తది, ఒకవైపు పాతది ఉంటే బ్రేక్ కొట్టినప్పుడు బండి రెండువైపులా ఒకేలా ఉండదు.

తాతయ్య అరుగు మీద కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. "మా ఎడ్లబండికి ఇవేమీ లేవురా. ఇరుసుకి కందెన, అంతే," అన్నారు. నిజమే, కానీ ఎద్దు నడకకి స్ప్రింగ్ అక్కర్లేదు తాతయ్యా అన్నాను. "నీ నాన్న నడిపేది కూడా అదే నడక కదా," అన్నారు. నాన్నకి వినపడిందో లేదో తెలీదు.

జాకీ మీద మాత్రమే బండిని వదిలి కిందకి దూరకూడదు. ఇటుకలు కూడా పెట్టొద్దు, బరువుకి ఉన్నట్టుండి పగిలిపోతాయి. ట్రాక్టర్ షెడ్డు నుంచి రెండు ఇనుప స్టాండ్లు అడిగి తెచ్చాను. ఇక ఆ రోజంతా తుప్పుతో యుద్ధం. 17 నంబర్ పానాకి పైపు తగిలించి తమ్ముడూ నేనూ కలిసి వేలాడితే తప్ప ఎడమవైపు ఆర్మ్ బోల్టు కదల్లేదు. రాత్రంతా తుప్పు వదిలే ఆయిల్ కొట్టి ఉంచినా అంతే.

ఈ బండికి ముందువైపు ఉన్నది మెక్‌ఫర్సన్ స్ట్రట్. ఎర్ల్ మెక్‌ఫర్సన్ అనే అమెరికన్ ఇంజనీర్ ఆలోచన. 1950లో ఇంగ్లండ్‌లో వచ్చిన ఫోర్డ్ కాన్సల్ లాంటి కార్లతో బాగా వ్యాపించింది. స్ప్రింగు, షాకప్ ఒకే కంబంలో ఉంటాయి, పైన ఇంకో ఆర్మ్ అక్కర్లేదు. చోటు, డబ్బు రెండూ కలిసొస్తాయి. మారుతిలో ఇంకో పిసినారితనం కూడా ఉంది, నాకు తెగ నచ్చింది. బండి ఒరగకుండా ఆపే స్టెబిలైజర్ బారే, ఆర్మ్ ముందుకీ వెనక్కీ పోకుండా కూడా పట్టుకుంటుంది. ఒకే కడ్డీకి రెండు ఉద్యోగాలు. అందుకే దాని చివర రబ్బరు బుష్ అరిగితే బ్రేక్ వేసిన ప్రతిసారీ టక్కుమంటుంది.

స్ట్రట్ బయటికి తీశాక పని ఆపేశాను. స్ప్రింగ్ లోపల నొక్కి పెట్టి ఉంటుంది. కంప్రెసర్ లేకుండా పైన మధ్య నట్టు విప్పితే ఆ స్ప్రింగ్ మొహం మీదకే వస్తుంది. రెండు స్ట్రట్‌లనీ గోతాంలో వేసుకుని ఆటోనగర్‌లో ఒక షాపుకెళ్లాను. 300 తీసుకుని, పావుగంటలో పాత స్ప్రింగ్‌లు కొత్త షాకప్‌లకి ఎక్కించి ఇచ్చారు. ఇంట్లో చేసుకోగలిగినవి చాలా ఉన్నాయి, ఇది మాత్రం కాదు.

మర్నాడు బిగింపు. ఒక సంగతి మన వాళ్లు చాలామంది పట్టించుకోరు. ఆర్మ్ లోపలి చివర రబ్బరు బుష్ ఉంటుంది కదా, దాని బోల్టుని చక్రం గాల్లో వేలాడుతుండగా గట్టిగా బిగించకూడదు. రబ్బరు ఆ భంగిమలోనే పట్టుకుపోతుంది. బండి కిందకి దించగానే మెలితిరిగి, ఎప్పుడూ ఆ మెలికలోనే ఉండి తొందరగా చిరుగుతుంది. వేళ్లతో బిగించి, బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. దానికోసం బురదలో పడుకుని లోపలికి పాకాల్సొచ్చింది. అమ్మ ఆ చొక్కా ఇంకా ఉతకలేదు, పారేస్తానంటోంది.

మెకానిక్ సాయంత్రం వచ్చాడు. ప్రతి నట్టు మీదా పానా వేసి చూశాడు. కాటర్ పిన్నుల కొసలు మడిచానా లేదా అని చేత్తో తడిమాడు. డబ్బులిస్తే తీసుకోలేదు. "వీల్ అలైన్‌మెంట్ చేయించు, లేకపోతే టైర్లు ఒకపక్కే తినేస్తాయ్," అని చెప్పి వెళ్లాడు. అది ఇంకో 400. మొత్తం 6,350.

వారం రోజులు నాన్నా నేనే తిరిగాం. దాదాపు 200 కిలోమీటర్లయ్యాక అన్నీ మళ్లీ ఒకసారి బిగించి చూశాను. తర్వాతి విజయవాడ ప్రయాణంలో నాన్న మా ఊరి కల్వర్టు దాటాక థర్డ్ గేరు వేశారు. తాతయ్య చెయ్యి తలుపు మీదే ఉంది. గుంత వచ్చింది, దాటింది. ఆయన ఏమీ అనలేదు. ఇంకో రెండు గుంతల తర్వాత చెయ్యి తీసి ఒళ్లో పెట్టుకుని, "వెనకాల ఇంకా ఏదో మోగుతోందిరా," అన్నారు.

వెనక షాకప్‌లు ఇంకా పాతవే. సంక్రాంతి సెలవుల్లో వాటి సంగతి చూడాలి.