చిగురు అంచున ఎర్రగీత

హెచ్ఐవీ ఉన్నవాళ్ళ ఒంట్లో బలం తగ్గుతోందని ఒక్కోసారి నోరే ముందు చెబుతుంది. చిగుళ్ళ అంచు వెంబడి సన్నటి ఎర్రగీత. గార తీయించినా పోదు. రోగనిరోధక శక్తి మరీ పడిపోతే చిగురు పుండై, లోపలి ఎముక అరిగి, పళ్ళు కదులుతాయి. ఏఆర్‌టీ మందులు క్రమంగా వేసుకునేవాళ్ళలో అంతదాకా రావడం అరుదు. ఆ మందులు 2004 నుంచి ప్రభుత్వం ఉచితంగానే ఇస్తోంది.

నా తిప్పలన్నీ పళ్ళ డాక్టర్ల దగ్గరే. చెప్పకపోతే నోరు చూస్తారు, గీత ఎందుకొచ్చిందో వాళ్ళకి తెలీదు. చెబితే తెలుస్తుంది, నోరు చూడరు. ఒకచోట “ఆ పరికరాలు మా దగ్గర లేవమ్మా” అన్నారు. ఆ పరికరాలేంటో నాకిప్పటికీ అర్థం కాలేదు. ప్రతి పేషెంటుకీ కొత్త గ్లవ్స్, ఆటోక్లేవ్‌లో శుద్ధి చేసిన పనిముట్లు వాడాల్సిందే. నాకూ అవే చాలు. తమకు వైరస్ ఉందని తెలియనివాళ్ళూ ఆ కుర్చీలో కూర్చుంటారు కదా!

వైద్యంలో వివక్ష చూపకూడదని 2017లో చట్టం వచ్చింది. రిసెప్షన్ దగ్గర, వెనక నలుగురు వింటుండగా, ఆ చట్టం గురించి మాట్లాడటం ఎవరివల్ల అవుతుంది?

మొన్న ఇంకో క్లినిక్‌కి ఫోన్ చేసి ముందే చెప్పేశాను. అవతల కాసేపు ఏమీ వినపడలేదు. తర్వాత డాక్టరుగారు, “మీరు వాడే మందుల చీటీ తెచ్చుకోండి. టిఫిన్ తిని రండి” అన్నారు.