దొరబావి మీద పోయిన రైలు

రాండి, మంట దగ్గరికి జరగండి. పుష్యమాసం చలి మా మిడుతూరు నల్లరేగడి మీద ఇంకాస్త ఎక్కువే. కందికట్టె అంటుకుంది, బొరుగులు చేటలో ఉన్నాయి. ఈపొద్దు రైలు ముచ్చట చెప్తా.

మా ఊరికి రైలు లేదు. ఎక్కాలంటే నంద్యాలకు పోవాల్సిందే. చిన్నప్పుడు మా జేజినాయన గిద్దలూరులో పెండ్లికని నన్ను మీటరుగేజి బండిలో తీసుకుపోయినాడు. గాజులపల్లె దాటినాక నల్లమల. బండి రొప్పుతా, మలుపు మలుపుకూ కూతపెడతా ఎక్కింది. బొగదలో దూరితే పెట్టెంతా చీకటి, కండ్లలో బొగ్గునుసి. ఆ దారిలోనే దొరబావి వంతెన. "కిందికి చూడొద్దురా" అన్నాడు జేజినాయన. చూడకుండా ఎట్లుంటాం? లోయలో నుంచి లేచిన స్తంభాల మీద మేము, మా కింద చెట్ల తలకాయలు! అవ్వ ఇచ్చిన సద్దిమూట గట్టిగా పట్టుకున్నా.

ఆ దారి ఎందుకు పుట్టిందో తెలుసునా? కరువు వల్ల. 1876లో ధాత కరువు వచ్చింది, 1878 దాకా వదల్లేదు. కర్నూలు, బళ్లారి, కడప జిల్లాలు మాడిపోయినాయి. మద్రాసు రేవులో గింజలు దిగుతున్నా, రైలుకు దూరంగా ఉన్న ఊళ్లకు చేర్చే దారి లేదు. బండ్లు లాగే ఎద్దులే మేత లేక పడిపోయినాయి. దక్షిణాదిలో యాభై లక్షల మందికి పైగా పోయినారని లెక్క. ఆ తర్వాతనే కరువు కమిషన్ 1880లో రైలుదారులు వేయమనింది. 1882లో సదరన్ మరాఠా రైల్వే కంపెనీ వచ్చింది, మన నల్లమల దారి ఉన్న బళ్లారి–కృష్ణా లైను నడిపింది. అంటే ఆ పట్టాలు మొదట మనుషుల కోసం కాదు, గింజల కోసం.

1990లలో దేశమంతా పెద్ద లైన్లు వేసినారు. పట్టాల మధ్య మీటరు ఉండేది 1,676 మిల్లీమీటర్లయింది. బరువైన బండ్లకు ఆ మలుపులూ ఆ వంతెనా చాలవు, కొండల్లో కొత్త దారి తీసినారు. పాతది అడివికి వదిలేసినారు. స్తంభాలు మాత్రం అట్లే నిలబడి ఉన్నాయి.

ఇంగ్లండులోనూ 1963లో బీచింగ్ అనే ఆయన నివేదిక రాసి, రెండువేలకు పైగా స్టేషన్లు మూసేయమన్నాడు. ఆడిల్‌స్ట్రాప్ అని ఒక పల్లె ఉంది. 1914 జూన్‌లో ఎడ్వర్డ్ థామస్ అనే కవి ఎక్కిన రైలు అక్కడ ఊరికే కాసేపు ఆగితే, ఆయన దాని మీద పద్యం రాసినాడు. 1966లో స్టేషన్ మూతపడింది. ఊరివాళ్లు పేరుబోర్డు పోనివ్వలేదు. బస్సు షెల్టర్లో పెట్టుకున్నారు.

దొరబావి దగ్గర అట్లాంటి బోర్డొకటి పెట్టాలని నా కోరిక. వంతెన పేరులో దొర మిగిలినాడు. ధాత కరువు దాటి బతికి, ఆ కొండల్లో రాళ్లు మోసినవాళ్ల పేర్లు మనకు అందలేదు. ఆ బోర్డు మీద కూలీల మాటే మొదట రాయాలి.