రెండో గేర్‌లో చింతూరు దాకా

ఖమ్మంలో పొద్దున్నే ఆరింటికి బయల్దేరాం. నేను, అమ్మ, నాలుగేళ్ల వయసున్న నా చిన్న కారు. భద్రాచలంలో దర్శనం చేసుకుని, చింతూరు మీదుగా మారేడుమిల్లి వెళ్లి, రాత్రికి అక్కడే ఉండాలన్నది ప్లాన్. ఆరు నెలలుగా హైదరాబాద్‌లో కోడ్, కాల్స్ తప్ప ఏమీ చూడని నాకు అడవి కావాలి. అమ్మకి రాముడు కావాలి. ఇద్దరికీ ఒకటే రోడ్డు.

కొత్తగూడెం దాకా బొగ్గు లారీలే తోడు. సింగరేణి హెడ్డాఫీసు ఉన్న ఊరు కదా! పాల్వంచ దాటాక చెట్లు రోడ్డు దగ్గరికొస్తాయి. సారపాకలో కాగితం మిల్లు, ఆ వెంటనే గోదావరి వంతెన. అమ్మ చేతులు జోడించింది. దర్శనమయ్యాక కాస్త ముందుకెళ్లగానే ఆంధ్రప్రదేశ్ వచ్చేసింది. చింతూరు, కూనవరం మండలాలు 2014 దాకా ఖమ్మం జిల్లావే. పోలవరం ముంపు కారణంగా అటు కలిపారు. "ఒకప్పుడు ఇదంతా మన జిల్లానేరా" అంది అమ్మ, ఏదో పొలం పోగొట్టుకున్నట్టు.

మర్నాడు తిరుగు ప్రయాణంలో మొదలైంది అసలు కథ. మారేడుమిల్లి నుంచి చింతూరు వైపు ఘాట్ దిగుతున్నాం. రెండు పక్కలా వెదురు, కింద ఎక్కడో వాగు చప్పుడు. మూడో గేర్‌లో ఉన్నా. ప్రతి మలుపుకీ బ్రేకే. అలా నాలుగైదు కిలోమీటర్లు దిగాక ఒక మలుపులో పెడల్ తొక్కితే, దిండు మీద కాలేసినట్టు లోపలికి పోయింది. బండి ఆగలేదు.

గబగబా మూడు నాలుగుసార్లు తొక్కా. కొంచెం పట్టింది. రెండో గేర్ వేశా, ఇంజిన్ గట్టిగా అరిచింది. హ్యాండ్‌బ్రేక్ కొద్దికొద్దిగా లాగుతూ కొండ వైపు అంచుకి చేర్చి ఆపా.

"ఏంట్రా, కాలిన వాసన?"

"బ్రేకులు వేడెక్కాయమ్మా. కాసేపు ఆగుదాం" అన్నా, మామూలుగా. చేతులు మాత్రం వణుకుతున్నాయి. అమ్మ చూసింది. ఏమీ అనలేదు. దిగి ఒక రాయి వెతికి తెచ్చి ముందు టైరుకి అడ్డం పెట్టింది.

ఫోన్‌లో సిగ్నల్ లేదు. బాటిల్లో నీళ్లు చక్రం మీద పోయబోతుంటే, పైనుంచి వస్తున్న లారీ ఆగింది. "నీళ్లు పోయకు బాబూ, డిస్కు పగులుద్ది" అన్నాడు డ్రైవర్. "ఏ గేర్లో ఎక్కుతావో ఆ గేర్లోనే దిగాలి. బ్రేకు ఊరికే పట్టుకుని కూర్చోకూడదు." అంతే, వెళ్లిపోయాడు. డ్రైవింగ్ స్కూల్లో ఎవరూ చెప్పని మాట.

ముప్పావుగంట తర్వాత పెడల్ కాస్త గట్టిపడింది. రెండో గేర్ మార్చకుండా చింతూరు దాకా, అక్కడ్నుంచి ముప్పై దాటకుండా భద్రాచలం దాకా వచ్చాం. మెకానిక్ అన్న మూత తీసి చూపించాడు. బ్రేక్ ఆయిల్ టీ డికాషన్‌లా ఉంది. "ఎప్పుడు మార్చారు తమ్ముడూ?" ఎప్పుడూ లేదు.

విషయం ఏంటంటే, ఈ ఆయిల్ గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 205 డిగ్రీల దాకా మరగదు. అందులో నీటి శాతం 3.7కి చేరితే ఆ హద్దు 140కి పడిపోతుంది. ఘాట్‌లో బ్రేకులు కాలిపోతుంటే ఆయిల్ మరిగి ఆవిరవుతుంది. ద్రవాన్ని నొక్కితే బలం చక్రానికి చేరుతుంది. ఆవిరిని నొక్కితే అదే నలుగుతుంది. అందుకే ఆ దిండు.

పాత ఆయిల్ తీసేస్తుంటే నన్నే సీట్లో కూర్చోబెట్టాడు. "తొక్కు... పట్టు... వదులు." నాలుగు చక్రాలకీ అదే పాట. కొత్త ఆయిల్ వచ్చేదాకా తొక్కుతూనే ఉన్నా.

అప్పుడు గుర్తొచ్చింది. రెండు నెలల ముందే సర్వీస్ సెంటర్‌లో "పెడల్ మెత్తగా ఉంది" అని చెప్పా. "ఈ మోడల్ అంతే సార్" అన్నారు. బిల్లులో "బ్రేక్స్ చెక్డ్" అని ఉంది. నేనూ సరేనన్నా. రెండేళ్లకోసారి మార్చాలని మాన్యువల్‌లో ఉంది. అది గ్లవ్ బాక్స్‌లోనే ఉంది, నేనే తెరవలేదు.

తయారీ లోపాలూ ఉంటాయి. 2022లో మారుతి సుజుకి వెనక బ్రేకుల్లోని పిన్ గురించి 9,925 వ్యాగన్ ఆర్, సెలెరియో, ఇగ్నిస్ కార్లని వెనక్కి పిలిచింది. నా కారు ఆ కంపెనీది కాదు. అయినా ఇంటికెళ్లి నా కంపెనీ వెబ్‌సైట్‌లో ఛాసిస్ నంబర్ కొట్టి చూశా. రీకాల్ లేదు. ఉంటే రిపేరు ఉచితం. 2021 ఏప్రిల్ 1 నుంచి ఏడేళ్లలోపు బండ్లలో ఇలాంటి లోపాలుంటే యజమానులే వాహన్ పోర్టల్‌లో ఫిర్యాదు చేయొచ్చు. ఫిర్యాదులు నిర్ణీత సంఖ్య దాటితే కేంద్రం రీకాల్‌కి ఆదేశించగలదు. ఒక్కరు ఊరుకుంటే ఆ లెక్కలో ఒకటి తగ్గినట్టే.

నా విషయంలో మాత్రం తప్పు ఇద్దరిదీ. వాళ్లు మార్చలేదు, నేను గట్టిగా అడగలేదు.

వంతెన మీదికి వచ్చేసరికి గోదావరి మీద ఎండ వాలుతోంది. అమ్మ మళ్లీ చేతులు జోడించి, "ఆ లారీ అబ్బాయి చల్లగా ఉండాలి" అంది.

మీరూ ఈసారి ఘాట్ ఎక్కేముందు ఒక్కసారి పెడల్ తొక్కి చూడండి. మెత్తగా ఉంటే, "ఈ మోడల్ అంతే" అనే మాట వినకండి. మూత తీయించి ఆయిల్ రంగు మీరే చూడండి.