వేపనూనెకి పీపీఎం అడుగుతాం, బీపీ పసరుకి అడగమేంటండి?

ఈసారి పోస్టు చేను గురించి కాదు, మన ఒంటి గురించి. కాస్త పొడుగే, ఓపిగ్గా చదవండి.

ఈమధ్య మన వైపు బీపీకి ఆకు పసరు అని సీసాలు తిరుగుతున్నాయి. మీ ఇంటికీ ఒకటి వచ్చే ఉంటుంది. వేపనూనె కొనేటప్పుడు మనం ఏం చేస్తాం? డబ్బా తిప్పి 1500 పీపీఎమా, 10000 పీపీఎమా అని చూస్తాం. 1500 అయితే లీటరు నీళ్లకి 5 ఎం.ఎల్. కలుపుతాం. అదీ చెట్టు మందే, అయినా బలం తెలీకుండా పురుగు మీద కూడా కొట్టం. మరి కడుపులోకి పోసేదాని బలం ఎంతో అడగమేంటండి?

మొక్కలో మందు లేదని నేననట్లేదు. సర్పగంధ ఉంది కదా, పాతాళగంధి అని కూడా అంటారు. దాని వేరు బీపీ తగ్గిస్తుందని 1931లోనే గణనాథ్ సేన్, కార్తీక్ చంద్ర బోస్ రాశారు. 1949లో బొంబాయి డాక్టరు రుస్తుం జాల్ వకీల్ తన రోగులకిచ్చి చూసిన ఫలితాల్ని బ్రిటిష్ గుండె వైద్య పత్రికలో వేశాక విదేశాల వాళ్ల చూపు దానిమీద పడింది. 1952లో స్విట్జర్లాండులో సిబా కంపెనీ వాళ్లు ఆ వేరులోంచి రెసర్పిన్ విడదీశారు. ఆ మాత్రలో ఉండే మందెంతో తెలుసా? మిల్లీగ్రాములో పావు వంతు, ఒక్కోసారి పదో వంతు. అంతకి మించితే మనిషి దిగులుతో కుంగిపోవడం, గుండె నెమ్మదించడం లాంటివి వచ్చేవి. వేరు నూరి తాగితే ఆ పావు మిల్లీగ్రాము ఎవరు కొలుస్తారు? ఒక మొక్క వేరులో ఉన్నంత ఇంకో మొక్కలో ఉండదు, మనకి తెలీనిదా.

వరసకి బావయ్యే ఒకాయన మొన్న దింపు రోజున తోటకి వచ్చాడు. మాత్రలు మానేసి ఇరవై రోజులట, పసరుతో హాయిగా ఉందట. "మరి బీపీ చూపించుకున్నావా బావా?" అంటే "బాగున్నోడికి చూపించుకోడం ఎందుకు?" అన్నాడు. చిక్కంతా అక్కడే ఉందండి. బీపీ పెరిగినా చాలామందికి ఏ బాధా తెలీదు. బలవంతంగా బండెక్కించుకుని విలేజ్ క్లినిక్‌కి తీసుకెళ్తే 180 మీద 110 ఉంది. నర్సమ్మ గారు అప్పటికప్పుడే డాక్టరు గారికి ఫోన్ చేశారు. మళ్లీ మాత్రల్లో పడ్డాడు. నా మీద కోపం మాత్రం ఇంకా తగ్గలేదు లెండి.

ఇది పట్నం జబ్బు అనుకోకండి. 2003-04లో ఉభయ గోదావరి జిల్లాల్లో 45 ఊళ్లలో ఏడాది పాటు చావులకి కారణాలు రాసుకున్నారు. దాదాపు మూడో వంతు గుండె, రక్తనాళాల జబ్బులే. పక్షవాతం కూడా అందులోదే.

చెట్టుది కాబట్టి కీడు చెయ్యదు అనేవాళ్లకి ఒక మాట. దగ్గుకి నమిలే అతిమధురం రోజూ ఎక్కువగా వాడితే బీపీ పెంచుతుంది. మన కొబ్బరినీళ్లలో పొటాషియం ఎక్కువ. కిడ్నీ జబ్బున్నోళ్లు, టెల్మిసార్టన్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్లు రోజూ బొండాం తాగేముందు డాక్టర్ని అడగాలి. కొబ్బరి రైతునై ఉండి ఇది రాయడం కష్టంగానే ఉందండి.

ఆయుర్వేదం మీద నమ్మకం ఉంటే చదువుకున్న ఆయుర్వేద డాక్టరు దగ్గరికే వెళ్లండి. వేసుకునే ఇంగ్లీషు మాత్రల చీటీ కూడా పట్టుకెళ్లండి. ఏది మానాలన్నా వాళ్లని అడిగే మానండి. ఆవకాయ, ఎండుచేపలు తగ్గించడానికి మాత్రం ఎవర్నీ అడగక్కర్లేదు.

మీ ఊరి క్లినిక్‌లో బీపీ మిషను సరిగ్గా పనిచేస్తోందా, మాత్రలు నెలనెలా అందుతున్నాయా? ఊరి పేరుతో కింద రాయండి.