మా పెరటి తేనెటీగలు

సిద్దిపేటలో మా యిల్లు పాతకాలపుది. పెరటిలో బావికి పడమరగా ఒక వేపచెట్టు ఉండెడిది. మా అత్తగారు కాపురమునకు వచ్చునాటికే అది ఇద్దరు చేతులు కలిపినను కౌగిట కందని మానై యుండెనట. ఈ పట్టణము మెదకు జిల్లానుండి విడివడి 2016వ సంవత్సరము అక్టోబరులో తానే యొక జిల్లాకు ముఖ్యపట్టణమైనది. అప్పటినుండి ఊరు నలుదిక్కుల పెరిగినది, పెరళ్లు తరిగినవి. మా ప్రక్కయింటివారును పెంకుటిల్లు తీసి మేడ కట్టుకొనిరి. మా వేపచెట్టు నానాటికి ఆ మేడవైపునకే ఒరుగసాగినది. మొదట పుచ్చు పట్టి, కాండము నడుమ డొల్లయైనది. వర్షములకు ముందే కొట్టింపకున్న ఎవరి ప్రాణము మీదికైనను వచ్చునని తెలిసినవారు చెప్పిరి. చెప్పినది న్యాయమే. మాకును కాదనుటకు లేకపోయెను.

చిక్కంతయు ఆ డొల్లలో నుండెను. మనిషి యెత్తున ఒక తొర్ర. అందులో తేనెటీగల కాపురము. మా మామగారు కాలము చేసిన యేట అవి వచ్చి చేరినవి. నాటినుండి ప్రతి ఉదయము మా అత్తగారు ముఖము కడుగుకొని, ఆ చెట్టునకు నాలుగడుగుల దూరమున పీట వేసికొని కూర్చుండెడివారు. ఒక్కనాడైనను ఆమెను ఒక్క ఈగ కుట్టి యెరుగదు. ఆమె వానితో మాటలాడుట మేము వినలేదు. అవి పోవుట, వచ్చుట చూచుచు కూర్చుండుటయే.

కొట్టువాడు వచ్చి చూచి, రాత్రివేళ కిరసనాయిలు గుడ్డ అంటించి తొర్రలో దూర్చినచో అరగంటలో పని తీరునని చెప్పెను. మా యింటి మగవారు సరే ననబోయిరి. మా అత్తగారు వాకిట నిలిచి, "చెట్టు కొట్టుకోండ్రి, నేనేమన. వాటినైతే కాలవెట్టకుండ్రి బిడ్డా" అని మాత్రమనిరి. ఆమె ఏదియు అడుగు మనిషి కారు. ఆ మాట మావైపు చూచి యనిరి గనుక, మేము పట్టించుకొనక తప్పలేదు.

మేమనగా ఇద్దరము, తోడికోడండ్రము. మాలో పెద్దది పదునెనిమిదేండ్లుగా ఈ యింటిలో నున్నది, చిన్నది ఆరేండ్లుగా. పప్పులో ఉప్పు విషయమున తప్ప మిక్కిలి తగవులు లేనివారము. తేనెటీగల గూర్చి ఇద్దరికిని ఏమియు తెలియదు. చిన్నదాని అన్నగారు వ్యవసాయశాస్త్రము చదివినవారు. ఆయన ఫోనులో ఓపికగా చెప్పుచుండగా వ్రాసికొని, అదే మా శాస్త్రమనుకొంటిమి.

మన ప్రాంతపు తేనెటీగలలో పెద్దవి కొండతేనె యీగలు. అవి ఎత్తయిన కొమ్మలకు, నీళ్ల ట్యాంకులకు ఒకే పెద్దపట్టు వ్రేలాడగట్టును. జుంటీగలు మిక్కిలి చిన్నవి. కంపపొదలలో అరచేయంత పట్టు కట్టును. ఈ రెండును వెలుతురున కాపురముండునవి, పెట్టెలో నిలువవు. మూడవ జాతి చీకటిని కోరును. చెట్టు తొర్రలలో, పుట్టలలో, గోడసందులలో, ఒకదాని ప్రక్క నొకటిగా పెక్కు పట్టులు కట్టుకొనును. పెట్టెలో పెంపకమునకు లొంగు దేశవాళీ యీగ ఇదియే. దీని పరిమాణమునకు తగిన చిన్న పెట్టెను 1910 ప్రాంతమున తిరుచినాపల్లిలోని న్యూటను అను క్రైస్తవగురువు కల్పించెను. నేటికిని దానిని న్యూటను పెట్టె యనియే పిలుతురు. ఇప్పుడు మన జిల్లాలో సూర్యకాంతి పొలముల ప్రక్క వరుసలుగా కనబడు పెట్టెలలోనివి చాలవరకు ఇటలీదేశపు ఈగలు. 1991, 92 సంవత్సరములలో కేరళమును, దాని ఇరుగుపొరుగు రాష్ట్రములను ఒక వైరసు రోగము పట్టి, పిల్లపురుగులు సంచులవలె ఉబ్బి చచ్చి, దేశవాళీ పెట్టెలు వేలకొలది ఖాళీ యయ్యెను. అట్టి జాతి మా పెరటిలో తనంత తాను బ్రతుకుచుండగా కిరసనాయిలు పోయుటయా యని, ఇది విన్నపిదప మగవారును కొంత మెత్తబడిరి.

ఈగలను తొర్రనుండి వెడలించు ఉపాయము వినుటకు సులభమే. తొర్రకున్న దారులన్నిటిని మూసి ఒక్కదానిని మాత్రము విడువవలెను. ఆ దారికి సన్నని ఇనుప జల్లెడతో గరాటువంటిదానిని చేసి, వెడల్పు వైపు చెట్టునకు అంటునట్లు మేకులతో బిగింపవలెను. మూరెడు పొడవు, కొన మాత్రము ఒక ఈగ దూరునంత. లోపలి ఈగ వెలుతురును చూచుకొని కొననుండి బయటపడును. తిరిగివచ్చునపుడు అది కొనను వెదకదు. తన యింటి వాసన వచ్చు చోట, అనగా గరాటు మొదట, జల్లెడకు తల కొట్టుకొనును. దానికి దాపున ఒక పెట్టె నుంచినచో, ఇల్లు దొరకని ఈగలు అందులో చేరును. రాణి గ్రుడ్లు పెట్టుచున్నంత కాలము లోపల క్రొత్త ఈగలు పుట్టుచునే యుండును గనుక ఇది నాలుగారు వారముల పని.

నల్లమల చెంచులు త్రాళ్లతో కొండచరియలు దిగి తేనె తీయునపుడు, త్రాటిని కాచుటకు అన్నదమ్ముల నుంచక భార్య తోడబుట్టినవానిని నిలుపుదురని చెప్పుదురు. తన అక్కచెల్లెండ్ర పసుపుకుంకుమల కొరకైనను అతడు త్రాటిని విడువడుగదా! మా నిచ్చెనకు అట్టి యేర్పాటు లేకపోయెను. ఒక తోడికోడలు ఎక్కగా రెండవ తోడికోడలు పట్టుకొనెను. ప్రక్కయింటి మేడపైనుండి చూచినవారు నవ్విరి. తాటాకు టోపీలపై పాత దోమతెర ముక్కలు కప్పుకొని, పిడక పొగతో, ఉగాది దాటిన నాలుగవనాటి సాయంకాలము గరాటు బిగించితిమి. వేప పూత నిండుగా నుండెను.

మరునాడు జరిగినది వ్రాయుటకు ఇప్పటికిని చేయి సాగదు. పెట్టె అమ్మినవాడు, క్రొత్త పెట్టె చాలును, ఈగలే వచ్చి చేరునని చెప్పెను; మేమును నమ్మితిమి. ఉదయము బయటికి పోయిన ఈగలన్నియు మధ్యాహ్నమునకు తిరిగివచ్చి, ఆ పెట్టెను ఒక్కటియు కన్నెత్తి చూడలేదు. జల్లెడను పట్టుకొని గుత్తులు గుత్తులుగా గడ్డమువలె వ్రేలాడినవి. చీకటి పడునంతలో అకాలపు గాలివాన వచ్చెను, వడగండ్లతో. మేము వాకిటికి పోజాలక కిటికీలోనుండి చూచుచుంటిమి. తెల్లవారి చూడగా చెట్టు మొదట ఈగలు కుప్పలుగా పడియున్నవి. మా అత్తగారు మమ్ములను పల్లెత్తు మాట అనలేదు. చాట తెచ్చి, వానిని మెల్లగా ఎత్తి, ఎండలో పరచి, కదలినవానిని ఏరి ప్రక్కనుంచిరి. కదలినవి కొద్దియే. ఆమె తిట్టినను మాకు ఇంతకన్న సుఖముగా నుండెడిది. వెంటనే గరాటు ఊడదీసి దారి విడిచితిమి.

చిన్నదాని అన్నగారు ఇది విని, తాను చెప్పిన ముఖ్యమైన మాటను మేము వ్రాసికొనలేదనెను. పెట్టెలో అదే జాతి ఈగలది, గ్రుడ్లు, పసిపురుగులు గల పట్టు ఒకటి, దానిని కప్పుకొని యున్న ఈగలతో సహా, ఉండవలెనట. ఇల్లు లేని ఈగ ఖాళీ గదిని కోరదు. పసిబిడ్డలున్న ఇంటికే చేరును. ఇది వినినపుడు మేమిద్దరము ఒకరి ముఖ మొకరము చూచుకొంటిమి. కాగితము తీసి చూడగా ఆ మాట అందున్నది. అడుగున, పచ్చళ్ల లెక్క ప్రక్కన.

దేశవాళీ యీగలు పెంచు రైతు ఒకడు పది దినములకు దొరికెను. అతడిచ్చిన పట్టును తడిగుడ్డ చుట్టిన బుట్టలో నుంచుకొని బస్సులో తెచ్చితిమి. (కండక్టరు బుట్టలో నేమని యడిగెను. పిండివంటలంటిమి.) ఈమారు గరాటు బిగించిన గంటలోపలనే ఈగలు పెట్టె దారిలో బారులు తీరినవి. మూడవనాడు సందడి తగ్గినదేమని వెదకగా, వేళ్లనడుమ పగులు ఒకటి కనుగొని కొన్ని ఆ దారిని లోనికి పోవుచుండెను. పేడయు బంకమట్టియు కలిపి పూసితిమి. పెట్టె కాళ్లక్రింద నీళ్ల ముంతలు పెట్టి చీమలను ఆపితిమి. వైశాఖపు ఎండలకు మైనము కరగకుండ గోనెపట్టా తడిపి కప్పితిమి. గులకరాళ్లు వేసిన పళ్లెములో నీళ్లుంచితిమి. ఈగలు ఆ నీటిని కొనిపోయి పెట్టెను చల్లబరచుకొనును.

పెట్టెలోనికి పనివారే చేరిరి గాని రాణి రాలేదు. అందులకు మేము చేయవలసిన దేమియు లేదు, అవే చేసికొన్నవి. కూలి యీగ కానున్న పసిపురుగునకు వేరు ఆహారము ఎడతెగక పెట్టినచో అదియే రాణి యగును. పదియవనాడు చూడగా పట్టు అంచున వేరుసెనగకాయంత గది వ్రేలాడుచుండెను. గ్రుడ్డు పెట్టిననాటినుండి కూలి యీగ వెలువడుటకు సుమారు ఇరువది దినములు పట్టగా, రాణికి పదునారు చాలును. ఈ రాణిని పూర్వము ఐరోపావారు రాజని తలచిరి. 1609లో ఇంగ్లండు దేశీయుడగు చార్లెసు బట్లరు, ఇది రాజు కాదు, స్త్రీల రాజ్యమని గ్రంథమే వ్రాసెను. మా యింటి మగవారికి ఇది చదివి వినిపించితిమి. వారు మజ్జిగ అడిగిరి.

క్రొత్తరాణి వెలువడి, ఎగిరివచ్చి, గ్రుడ్లు పెట్టనారంభించునప్పటికి నెల దాటెను. పెట్టె నిండుచుండెను. తొర్రలో సందడి నానాటికి సన్నగిల్లుచుండెను. మా అత్తగారు రోజును చెవి చెట్టునకాన్చి వినెడివారు. "ఇంక ఉన్నది ముసల్ది" అనెడివారు. మాకు ఆ మాట ముల్లువలె గుచ్చుకొనెడిది. ఈ ఉపాయమున ముసలి రాణి గతి యేమని మేము మొదట అడుగలేదు. అడిగినపుడు చిన్నదాని అన్నగారు కొంత తడబడి, కూతుండ్లందరు పోయినపిదప అది లోపలనే యుండిపోవునని చెప్పెను. మేము చేయుచున్న పని ఏమనగా, ఒక తల్లి బిడ్డలను ఒక్కొక్కరినే వేరుకాపురమునకు తరలించి, ఆమెను మాత్రము చీకటిలో విడుచుట. కిరసనాయిలు కంటె మేలే. అయినను మా అత్తగారి యెదుట ఆ మాట చెప్పుటకు మాలో ఎవరికిని నోరు రాలేదు. ఆమెకు ఎవరును చెప్పకయే తెలిసెననుకొందుము.

అయిదవ వారమున ఒక సాయంకాలము ఆ రాణి తానే బయటికి వచ్చెను. మన దేశవాళీ యీగలకు ఆపద వచ్చిన గూడు విడిచిపోవు స్వభావము మెండు. గుప్పెడు ఈగలు వెంట రాగా, గరాటు కొననుండి వెడలి, బావిగట్టు దానిమ్మకొమ్మపై నిమ్మకాయంత ముద్దగా వ్రాలెను. ఒక పెట్టెలో రెండు రాణులకు చోటుండదు. రెండవ పెట్టె మా యొద్ద లేదు. మా అత్తగారు పాత ఊరగాయ కుండ తెచ్చి, లోపల మైనము రాచి, ప్రక్కకు వాల్చి దానిమ్మ నీడనుంచిరి. కొమ్మను విదిల్చినంతనే ముద్ద కుండలో పడెను. మూతికి చిన్నరంధ్రము విడిచి మట్టి పూసితిమి, చక్కెరపాకము పెట్టితిమి. మూడు దినములు ఉన్నవి. రెండవనాడు ఒక ఈగ పుప్పొడితో వచ్చుట చూచి మేము సంబరపడితిమి. నాలుగవనాటి ఉదయమునకు కుండ ఖాళీ. ఎటు పోయినవో ఎవరును చూడలేదు. "పోనియ్యి బిడ్డా, దానికి ఇష్టం లేకపాయె" అని మా అత్తగారు పీట తీసికొని లోనికి పోయిరి.

తరువాత గరాటు తీసివేయగా పెట్టెలోని ఈగలే తొర్రలోనికి పోయి, మిగిలిన తేనెను మూడు దినములలో తమ పెట్టెకు చేరవేసికొనినవి. చెట్టు కొట్టించితిమి. లోపల ఏడు పట్టులు, నల్లబడి, వట్టివి. తేనె ఎంత వచ్చినదని అందరును అడిగిరి, చెంచాడైనను రాలేదు. ప్రక్కయింటామె పుట్టిన మనుమని నాలుకకు రాయుటకు కొంచెము కావలెననెను. ఉన్నను ఇచ్చియుండము. ఏడాది నిండని శిశువులకు తేనె తగదని, అందుండు ఒక సూక్ష్మజీవి వారి పేగులలో విషము పుట్టించి నరములను చచ్చుపరచవచ్చునని వైద్యులు చెప్పుచున్నారు. ఆచారమని తలచు సోదరీమణులు ఈ మాట మరువరాదు.

పెట్టెను రాత్రివేళ మూసి, ఊరికి దూరముగా మా మరిదిగారి పొలమున నువ్వుచేని గట్టున పెట్టించితిమి. ఇప్పుడు అందులో అయిదు పట్టులున్నవట. మరిదిగారు వచ్చినపుడెల్ల మా అత్తగారు మొదట ఈగలు ఎట్లున్నవని అడిగి, తరువాత పిల్లల మాట అడుగుదురు. కుండ ఇంకను దానిమ్మ క్రిందనే యున్నది. ఊరగాయల వేళ దానిని కడిగి లోనికి తెత్తుమా అని అడిగితిమి. ఉండనీ అనిరి.