జనగామకు జర్మన్ విశేషణం

జర్మన్‌లో దేశం పేరు విశేషణమైతే చాలు, పక్కనున్న మాటను బట్టి దాని తోక మారుతుంది. మన దేశానిది ‘ఇండిష్’. టీ పుంలింగం కాబట్టి ఇండిషర్ టే, వంట స్త్రీలింగం కాబట్టి ఇండిషె క్యుషె, భోజనం నపుంసకం కాబట్టి ఇండిషెస్ ఎస్సెన్. ‘టీతో’ అనాలంటే మళ్లీ ఇండిషెమ్. రాసేదేమో చిన్న అక్షరంతో. మనిషైతే వేరే: మగవాళ్లు ఇండర్, ఆడవాళ్లు ఇండరిన్.

ఊళ్ల సంగతి అట్లా కాదు. పేరు చివర ‘అర్’ తగిలిస్తే సరిపోతుంది: బెర్లినర్, ఫ్రాంక్‌ఫుర్టర్. ఆ తర్వాత లింగం మారినా విభక్తి మారినా అది మారదు, ఎప్పుడూ పెద్ద అక్షరంతోనే ఉంటుంది. ఈ మర్యాద దక్కిన దేశం స్విట్జర్లాండ్. ఆ జున్నును ష్వైట్సర్ కేజె అంటారు. ఊరికి ఇచ్చిన ఈ గౌరవం చూసే నాకు ఈ వ్యాకరణం మీద ప్రేమ పుట్టింది.

ఎందుకంటే మనదీ ఇదే పద్ధతి. ఊరి పేరు ముందు పెడతాం, అంతే. పెంబర్తి ఇత్తడి. పాలకుర్తి సోమన, బమ్మెర పోతన. ఆ ఊళ్లన్నీ ఇప్పుడు మా జనగామ జిల్లాలోనివే. కవుల విషయంలో ఊరే ఇంటిపేరై కూర్చుంది. మనుషులనైతే జనగామాయన, భూపాలపల్లోళ్లు అంటాం. మహబూబాబాద్ బోర్డు మీది పేరు. మా నోళ్లలో అది మానుకోటే.

2016 అక్టోబర్ 11న కొత్త జిల్లాలు ఏర్పడేదాకా జనగామ, భూపాలపల్లి, మానుకోట మూడూ వరంగల్ జిల్లావే. అందుకే ఇక్కడికి, జర్మనీకొచ్చిన మా పిల్లలు చాలామంది ‘ఏ ఊరు’ అంటే వరంగల్ అనేస్తారు. నాకది నచ్చదు. దరఖాస్తులో జాతీయత గడిలో ‘ఇండిష్’ రాయక తప్పదు. పుట్టిన ఊరి గడి మాత్రం మనది, అక్కడి పేరును నోటితోనూ చెప్పండి అంటాను. జర్మన్లు ‘జె’ అక్షరాన్ని ‘య’గా పలుకుతారు కాబట్టి జనగామ కాస్తా యనగామ అవుతుంది. ఓపిగ్గా సరిదిద్దాలి, రెండోసారికి పట్టుకుంటారు.

యేనా అనే పట్టణానికి యేనాఅర్ అని రూపం ఉంది. ఆ లెక్కన మానుకోట మానుకోటాఅర్, జనగామ జనగామాఅర్ కావచ్చు. నా జర్మన్ స్నేహితులతో అట్లాగే అనిపిస్తున్నాను. భూపాలపల్లికి ఏది నప్పుతుందో ఇంకా వాదులాడుకుంటున్నాం.